నేను వినని సాక్ష్యం

మెజిస్ట్రేటు ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు తిరుపతిలో మా ఇంటికి వస్తుంటారు. దర్శనం చేసుకుని కొండ దిగాక, అలిపిరి నుంచి దగ్గరే కదా అని ఇటు తొంగి చూస్తారు. లడ్డూ చేతిలో పెట్టి, కాఫీ తాగి, కాస్త చనువు వచ్చాక అందరూ ఒకటే అడుగుతారు. "మేడం, మీరు అన్నేళ్లు చేశారు కదా, బెంచి మీద భయం ఎప్పుడు పోయింది?"

పోలేదని చెబితే నవ్వుతారు. పెద్దావిడ సరదాగా అంటోంది అనుకుంటారు. సరదా కాదు. శిక్ష వేసే తీర్పు మీద సంతకం పెట్టిన ప్రతిసారీ నాకు అరికాళ్లలో చెమట పట్టింది. రిటైరయ్యే నెలలో కూడా పట్టింది. ఆ చెమట ఆగిపోయిన మనిషిని నేను ఒకరిద్దరిని చూశాను. వాళ్ల కోర్టులో ముద్దాయిగా నిలబడాల్సిన ఖర్మ ఎవరికీ పట్టకూడదు.

ఎక్కడెక్కడ పనిచేశానో, ఏ మెట్టు ఎప్పుడు ఎక్కానో ఇక్కడ రాయడం లేదు. అవి మీకెందుకు? నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టిన విషయం ఒకటుంది, అది రాస్తాను. సాక్షి ఎవరి ముందో మాట్లాడి వెళ్లిపోతాడు, తీర్పు మాత్రం మనం చెప్పాలి. మీకూ ఈ గతి పడుతుంది. మొదటి బదిలీకే పడుతుంది.

కుర్చీలో మనిషి మారితే

కేసు నడుస్తుండగా మెజిస్ట్రేటుకు బదిలీ అవుతుంది. ఆయన సామాను సర్దుకుని వెళ్లిపోతాడు. ఆ కుర్చీలోకి మనం వస్తాం. సాక్షులు చెప్పింది కాగితం మీద ఉంటుంది. వాళ్లు చెప్పేటప్పుడు మొహం ఎలా పెట్టారో, ఎక్కడ నీళ్లు నమిలారో, గుమ్మం దగ్గర నిలబడిన పోలీసాయన వైపు ఎన్నిసార్లు చూశారో కాగితం మీద ఉండదు. అదంతా వెళ్లిపోయినాయన కళ్లలో ఉంటుంది, ఆయనతోపాటే వెళ్లిపోతుంది.

చట్టం దీన్ని ఆలోచించకపోలేదు. చిన్న నేరాలను క్లుప్తంగా విచారించి తేల్చే పద్ధతిలో సాక్ష్యం సారాంశం మాత్రమే రాస్తారు కాబట్టి, కొత్తగా వచ్చినవాళ్లు మొదటి నుంచీ మళ్లీ వినాల్సిందే. సూళ్లూరుపేటలో నా మొదటి పోస్టింగులో అలాంటి కేసు ఒకటి తగిలింది. ఫిర్యాది ఒక వ్యాపారి, మంచి నోరున్న మనిషి. "మళ్లీ మొదట్నించా మేడం? నేనేమన్నా హరికథ చెప్పేవాడినా, ఊరూరికీ అదే కథ చెప్పడానికి?" అని హాల్లోనే అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాపుకున్నాను. అయినా మళ్లీ చెప్పించాను.

మిగతా కేసుల్లో సాక్ష్యం పూర్తిగా రాసి ఉంటుంది. దాని మీదే ముందుకు పోవచ్చు. న్యాయం కోసం అవసరమనిపిస్తే, పాత సాక్షిని మళ్లీ పిలిచి వినే అధికారం కూడా కొత్త మెజిస్ట్రేటుకు ఉంటుంది. ఈమధ్య చట్టం పేరు మారింది, సెక్షన్ నంబరు మారింది, ఈ ఏర్పాటు మారలేదు. పిలవాలా వద్దా అన్నది మన ఇష్టానికే వదిలేశారు. ఆ ఇష్టమే నన్ను నిద్రపోనివ్వలేదు.

కత్తెర కేసు

నగరి వైపు ఒక చిన్న ఊరి కోర్టుకు నన్ను వేశారు. చుట్టుపక్కలంతా మరమగ్గాలు. కోర్టు కిటికీలు తెరిస్తే పగలంతా టకటకా అదే మోత. నేను చేరిన వారంలోనే బల్ల మీదికి వచ్చిన పాత కేసుల్లో ఇది ఒకటి.

మగ్గాల షెడ్డులో ఒక సాయంత్రం కరెంటు పోయింది. మోత ఆగింది, చీకటి పడింది. ఆ చీకట్లో మేస్త్రిని ఎవరో వెనకనుంచి పోగులు కత్తిరించే కత్తెరతో పొడిచారు. తిరగబోతూ అడ్డం పెట్టిన కుడిచేతి నరాలు తెగిపోయాయి. కరెంటు వచ్చేసరికి మేస్త్రి కింద పడి ఉన్నాడు. అతన్ని పట్టుకుని వేలు అనే కుర్రాడు కూర్చుని ఉన్నాడు, ఒళ్లంతా రక్తం. అంతకుముందు వారం మగ్గం మార్చమని వేలు మేస్త్రితో గొడవపడ్డాడట. పోలీసులకు అది చాలింది.

వేలు సరిహద్దు అవతలి తమిళ పల్లెవాడు. చిన్నప్పటి నుంచీ మగ్గాల మీదే బతుకు. నా అనేవాళ్లు ఎవరూ కోర్టుకు రాలేదు. మొదట్లో బెయిలు ఇస్తే, వాయిదా తేదీ చెప్పగానే తల ఊపి వెళ్లి, ఆ తేదీకి రాలేదట. వారెంటు మీద పట్టుకొచ్చి సబ్‌జైలులో పెట్టారు. అప్పటి నుంచీ అక్కడే. నేరం రుజువైతే ఇంకా ఏళ్లు లోపలే.

మేస్త్రి ప్రతి వాయిదాకూ వచ్చేవాడు. పనికిరాని చేతిని తువ్వాలులో చుట్టుకుని వెనక బెంచీ మీద కూర్చునేవాడు. "మేడం, నా చెయ్యి పొయ్యింది, నా పని పొయ్యింది. ఎవుడో ఒకడు జవాబు చెప్పల్ల గదా" అన్నాడు ఒకరోజు. ఆ మాట కూడా నన్ను భయపెట్టింది. వదిలేస్తే ఈయనకు అన్యాయం, శిక్షిస్తే, తప్పు చేయకపోయి ఉంటే, ఆ కుర్రాడికి అన్యాయం.

సాక్షుల విచారణ నేను రాకముందే ముగిసింది. వాదనలే మిగిలాయి. చూశానన్న సాక్షి ఒక్కతే, ఆ షెడ్డులో నూలు చుట్టే మునెమ్మ. మేస్త్రికి పొడిచినవాడు కనపడలేదు, మిగతావాళ్లంతా కరెంటు వచ్చాక చూసినవాళ్లే.

మునెమ్మ వాంగ్మూలం చదివాను. వేలు మేస్త్రిని పొడవడం చూశాను అని ఉంది. కత్తెరను గుర్తుపట్టాను అని ఉంది. ముద్దాయిని చూపించాను అని ఉంది. ఒక్క తడబాటు లేదు. మొదటిసారి చదివినప్పుడు బాగానే ఉందనుకున్నాను. రెండోసారి చదివితే అదే తేడాగా అనిపించింది. చిత్తూరు జిల్లా మనుషులు అంత శుభ్రంగా మాట్లాడరు. ఒక మాట అడిగితే నాలుగు చెబుతారు, మధ్యలో వానల సంగతీ కోడలి సంగతీ వచ్చిపోతాయి. ఈమె ఏది అడిగినా అవునంది. చివరికి ముద్దాయి లాయరు "అప్పుడు ఏమీ కనపడనంత చీకటి కదా" అంటే దానికీ అవునంది. పొడవడం చూసింది, ఏమీ కనపడనంత చీకటీ నిజమే. రెండూ ఒకే నోటి నుంచి.

అబద్ధాలకోరు అంత సులభంగా దొరికిపోదు. మరి ఈమె ఎవరు? ఆ మనిషి మొహం నాకు తెలియదు. మొహం తెలియని మనిషి మాట మీద ఒక కుర్రాడిని లోపల వేయాలి, లేదా ఒక చెయ్యి పోయినాయనకు ఏమీ లేదని చెప్పి పంపాలి.

వేలును సాక్షుల పెట్టె దగ్గరికి పిలిపించి చెప్పాను. నేను కొత్తగా వచ్చాను, సాక్షులను నేను వినలేదు, ఎవరినైనా మళ్లీ పిలవమని నువ్వు అడగవచ్చు, అర్థమైందా అని. తల ఊపాడు. ఏమైనా అడుగుతావా అన్నాను. దానికీ తల ఊపి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అతని లాయరు రెడ్డెప్ప గారు లేచారు. నెమ్మదస్తుడు, పాతకాలపు మనిషి. "వాడు రోంత మందం మేడం. అరవ పిల్లోడు. ఏం చెప్పినా తల ఊపతాడు. వాని తరపున నేనే చెప్తా ఉండా, ఆయమ్మను మళ్లీ పిలవొద్దు" అన్నారు.

"ఎందుకండీ?"

"ఇప్పుడన్నా చీకటి అనే మాట ఒకటి నా చేతిలో ఉండాది. మళ్లా పిలిస్తే, వెలుతురు ఉన్నిందని చెప్పేస్తే? వాన్ని నేనే ముంచినట్టు అయితాది."

ఆయన చెప్పింది కొట్టిపారేసే మాట కాదు. నేను మంచి చేయబోయి ఆ కుర్రాడి మెడకు ఉరి బిగించవచ్చు. పైగా ఆమెను పిలిచి వినేదాకా అతను జైల్లోనే ఉండాలి.

ముందున్నాయన

ఆ వారంలోనే జిల్లా న్యాయాధికారుల నెలవారీ సమావేశం వచ్చింది. పాత కేసులు ఎవరి దగ్గర ఎన్ని ఉన్నాయో చదివే సమావేశం అది. మా పై జడ్జి గారు కోపిష్టి కాదు. కోపం కంటే ఘోరం, మెల్లగా మాట్లాడేవారు. "సాక్ష్యం అయిపోయిన కేసులో సాక్షిని మళ్లీ పిలుద్దామనుకుంటున్నావటమ్మా. ముందున్నాయన మెజిస్ట్రేటు కాదా?" అన్నారు.

"ఆయన విన్నారు సార్. నేను వినలేదు" అన్నాను.

"నువ్వు ఒక కేసులో పిలిస్తే, రేపు ప్రతి లాయరూ ప్రతి బదిలీకీ ఇదే అడుగుతాడు. సాక్షులు ఎన్నిసార్లు తిరుగుతారు పాపం" అన్నారు. ఈ మాటలో న్యాయం ఉంది. నిజానికి చాలా కేసుల్లో పిలవనక్కర్లేదు. భయం ఉంది కదా అని అందరినీ మళ్లీ రప్పించేవాడు కూడా అన్యాయమే చేస్తాడు. ఆయన వద్దని మాత్రం అనలేదు. నా మీద వదిలేసి, తర్వాతి పేరు చదివారు. వద్దని ఉంటే బాగుండేది, నా బరువు దిగిపోయేది అనుకున్నాను ఒక్క క్షణం. అనుకున్నందుకు ఇంకా భయమేసింది.

భోజనాల దగ్గర ముందున్నాయనే ఎదురయ్యారు. చురుకైన మనిషి, నవ్వు మొహం. "ఆ కత్తెర కేసు ఇంకా ఉందా? అందులో ముసలామె ఉంది చూడండి, నాకైతే ఆమె..." అని మొదలుపెట్టారు. వినాలని ప్రాణం కొట్టుకుంది. ఆయన ఒక్క మాట చెబితే నా బెంగ తీరిపోతుంది. కానీ ఆ మాట అన్నాల దగ్గర చెప్పింది. ముద్దాయి వినలేదు, వాళ్ల లాయరు కాదనలేడు. అలాంటి మాట తలలో పెట్టుకుని తీర్పు రాస్తే, అది ఎవరికీ కనపడని సాక్ష్యం.

"సార్, దయచేసి చెప్పకండి" అన్నాను.

ఆయన వింతగా చూసి, సరే సరే అని నవ్వుతూ మజ్జిగ దగ్గరికి వెళ్లారు. ఆయన ఏం చెప్పబోయారో నాకు ఇవాళ్టికీ తెలియదు. తర్వాత చాలాసార్లు కలిశాం, నేను అడగలేదు. ఇప్పుడైతే అడగవచ్చు, అడ్డేమీ లేదు. "ఆమె చాలా గట్టిగా చెప్పింది, నేనైతే శిక్ష వేసేవాణ్ణి" అంటారేమోనని భయం.

మునెమ్మ

మునెమ్మను పిలిపించాను. రెడ్డెప్ప గారి మొహం వాడిపోయింది. మేస్త్రి వెనక బెంచీ నుంచి ముందు బెంచీకి వచ్చి కూర్చున్నాడు. వేలును మామూలుగానే హాలు వెనక ముద్దాయిల చోట నిలబెట్టారు.

మునెమ్మ జుట్టులో ఇంకా నూలు పీచు ఉంది, పని మీంచి నేరుగా వచ్చినట్టుంది. పెట్టెలో నిలబడి హాలంతా కలయజూసింది. ప్రాసిక్యూషన్ తరపు ఆయన కాగితంలోకి చూస్తూ మొదలుపెట్టారు. "ఆ రోజు సాయంత్రం నువ్వు షెడ్డులోనే ఉన్నావు కదా?" తల ఊపింది. "ఈ వేలు మేస్త్రిని పొడవడం చూశావు కదా?" తల ఊపింది. నిబ్బరంగా, మర్యాదగా, ఒకే తీరున. పక్కన టైపిస్టు వేళ్లు "అవును" అని కొట్టడానికి సిద్ధంగా ఉన్నాయి.

అప్పుడు నాకు ఒక అనుమానం వచ్చింది. ఎందుకు వచ్చిందో చెప్పలేను. తల దించి, నా ముందున్న కాగితం చూస్తూ, మామూలు గొంతుతో అడిగాను. "నీ పేరు సుబ్బమ్మ కదా?"

మునెమ్మ తల ఊపింది.

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆమెను పెట్టెలోంచి దింపి, బెంచీ పక్కకు, నాకు రెండడుగుల దూరంలోకి రమ్మని సైగ చేశాను. కళ్లద్దాలు తీసి, ఆమె మొహంలోకి చూస్తూ నిదానంగా అడిగాను. "నీకు వినపడదా?"

ఆమె నా పెదవులనే చూసింది. మొహం ఒక్కసారిగా విప్పారింది. "మగ్గాలింట్లో అన్నేండ్లు ఉంటే యాడ ఇనపడుతుంది తల్లీ? ఆ మోతకు ఎవురి మాటా ఇనపడదు. మూతి సూసి తెలుసుకుంటాం. ఈడ అందురూ కాయితాలు సూస్తా మాట్లాడతా ఉండారు. మూతి కనపడితే గదా!"

"మరి తల ఊపుతున్నావే?"

"మనతో మాట్లాడతా ఉంటే తల ఊపకుంటే ఏం మర్యాద? మా షెడ్డులో అంతేనమ్మా. నువ్వు మాట్లాడేది సూస్తా ఉండా అని ఊపతాం. పెద్దోళ్లు మాట్లాడతా ఉంటే బొమ్మ మాదిరి నిలబడేదా?"

ఆ తర్వాత ప్రతి ప్రశ్నా ఆమె మొహానికి ఎదురుగా, రెండు పక్షాల లాయర్లనూ ఆమె ముందు నిలబెట్టి అడిగించాను. ఆ పొద్దు ఏం చూశావు అని అడిగినప్పుడు, ఎన్నాళ్లుగానో ఎవరూ అడగని మాట అడిగినట్టు గబగబా చెప్పింది.

"ఏం సూస్తానమ్మా? కరెంటు పొయ్యింది. కరెంటు పోతే నాకు కండ్లూ లేవు, సెవులూ లేవు. గోడ పట్టుకోని కూచున్న్యా. లైటు వచ్చినాక సూస్తే మేస్త్రి నెత్తర్లో పడుండాడు. ఈ పిల్లోడు పై గుడ్డ తీసి ఆయన సేతికి సుట్టతా ఉండాడు. ఎవురూ దగ్గిరికి రాల్యా. ఈడొకడే పట్టుకున్న్యాడు."

"మరి పోలీసులకు?"

"వాళ్లు వచ్చి ఏమో అడిగినారు. ఊపినా."

కిటికీలోంచి మగ్గాల మోత వినిపిస్తోంది. మేస్త్రి తన చేతికేసి చూసుకుంటున్నాడు. ఆ చేతికి చుట్టిన గుడ్డ ఎవరిదో ఆయన ఎప్పుడూ ఆలోచించినట్టు లేదు. రెడ్డెప్ప గారు ఒక్క ప్రశ్న కూడా వేయకుండా కూర్చున్నారు, అది ఆయన తెలివి. నాకు మాత్రం సంతోషం కలగలేదు. నేను ఆ వాంగ్మూలం ఒక్కసారే చదివి ఉంటే? పై జడ్జి గారు వద్దని ఉంటే? కాగితం మీద ఉన్న ప్రతి "అవును" వెనక ఒక మనిషి అన్న మాట ఉందో, ఊపిన తల మాత్రమే ఉందో ఆనాటి నుంచి నాకు అనుమానమే. మీకూ ఆ అనుమానం ఉండాలి. అడిగేవాడిని సాక్షి మొహంలోకి చూసి అడగమనండి. తల ఊపితే నోటితో చెప్పమనండి.

తీర్పు రోజు

తీర్పు రోజున రెడ్డెప్ప గారికి చిత్తూరులో వేరే కేసు ఉండి రాలేకపోయారు. మేస్త్రి వచ్చాడు. ఎస్కార్టు కానిస్టేబులు వేలును తెచ్చి నిలబెట్టాడు.

చివరి భాగం చదివాను. నేరం రుజువు కాలేదు, నిర్దోషిగా విడుదల చేస్తున్నాను అని. కాగితాలు ఆ సాయంత్రానికి జైలుకు చేరతాయి, వదిలేస్తారు.

ఈ మాట విన్న ముద్దాయిలను చాలామందిని చూశాను. కొందరు ఏడుస్తారు, కొందరు నేలకు మొక్కుతారు, కొందరికి కాళ్లు నిలవవు. వేలు తల ఊపాడు. నిబ్బరంగా, మర్యాదగా. వాయిదా తేదీ చెప్పినప్పుడు ఎలా ఊపాడో అలాగే. తర్వాత మామూలుగా తన చెయ్యి కానిస్టేబులుకు అందించాడు, తీసుకుపొమ్మని.

కానిస్టేబులు మంచివాడు. "ఏమప్పా, రోంత నవ్వు! సాయంత్రం నీ ఇంటికి నువ్వు పోతావు" అన్నాడు. దానికీ తల ఊపాడు.

కలం కింద పెట్టాను. పాతికేళ్లు కూడా లేని పిల్లవాడు. చెవుడు మునెమ్మ వయసువాళ్లకే వస్తుందనుకున్నాను. వాయిదాకు ఎందుకు రాలేదు, మందం అని ఎందుకన్నారు, నేను మొదటి రోజు చెప్పినదానికి ఎందుకు తల ఊపాడు, అన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చి మీద పడ్డాయి. బెంచీ దిగాను. దిగకూడదు, తెలుసు. హాలు దాటి అతని ముందుకు వెళ్లి, కళ్లద్దాలు తీసి, నా మూతి కనపడేలా నిలబడ్డాను. నా పెదవులు వణుకుతున్నాయి, అర్థమవుతుందో లేదోనని రెండుసార్లు చెప్పాను.

"వేలూ. నీ మీద కేసు లేదు. నువ్వు ఇంటికి పో."

అతను నా నోటినే చూశాడు. మొదటిసారి అతని గొంతు విన్నాను. వినపడనివాళ్లు మాట్లాడినట్టు, హాలంతా మోగేలా అడిగాడు.

"మేస్త్రిని పొడిసినోడు దొరికినాడా మేడం? దొరికేదాంకా నన్ను పెట్టుకున్న్యారు గదా?"

వెనక మేస్త్రి లేచి నిలబడిన చప్పుడైంది. వేలు నా పెదవుల వంక ఆశగా చూస్తూనే ఉన్నాడు.

నేను తల ఊపాను.